మనం కాదు, మేము

మా లాండ్రీ కొట్టుకి మొదటిసారి వచ్చిన రోజే ఆ కుర్రాడు నన్ను వాళ్ళ మతంలో కలిపేసుకున్నాడు, నన్ను మాటమాత్రం అడగకుండా. తెల్ల చొక్కా, నల్ల టై, జేబు మీద నల్ల బిల్ల, భుజాన మాసిన బట్టల సంచి, పక్కన అచ్చం అదే వేషంలో ఇంకో కుర్రాడు. గుమ్మంలో నిటారుగా నిలబడి, అద్దం ముందు పదిసార్లు వల్లె వేసి వచ్చినవాడిలా, "నమస్కారమండీ, మనం దేవుడి సేవకులం" అన్నాడు.

నేను ఇస్త్రీపెట్టె దించకుండానే, "నేనెప్పటినుంచి నాయనా?" అన్నాను.

వాడికి బోధపడలేదు. నవ్వి ఇంకా వివరంగా చెప్పాడు. మనం మోర్మన్ అనే క్రైస్తవ సంఘం నుంచి వచ్చాం, మనం పక్క వీధిలో మేడమీద గదిలో ఉంటున్నాం, మన చొక్కాలు వారానికి పన్నెండు. తన బట్టల కోసం వచ్చి నిలబడ్డ నర్సమ్మ ఇదంతా విని, మేడమీదికి మకాం ఎప్పుడు మార్చావని నన్నడిగింది. నవ్వలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

మా భాషలో మనం వేరు, మేము వేరు. వినేవాళ్ళని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. అప్పుడే మాటలొచ్చిన పిల్లలు కూడా ఇందులో తడబడరు. వాళ్ళ భాషలో రెంటికీ ఒకటే మాటట. అందుకని ఏది ముందు నోటికి తగిలితే దాన్నే వాడేవాడు, ఎప్పుడూ మనమే తగిలేది.

ఆ బిల్ల మీద పేరుకి ముందు ఏదో రాసి ఉంటే అదేమిటని అడిగాను. కాసేపు ఆలోచించి, పెద్ద అని అర్థం అన్నాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు. గడ్డం మీద మొటిమలు, చెవుల వెనక ఎండకి కమిలిన చర్మం. వాళ్ళ సంఘంలో ఈ పనికి వచ్చిన మగపిల్లలందరినీ అలాగే పిలుస్తారట. ఆ రోజు నుంచి వాడు మా వీధికి పెద్దాయన అయిపోయాడు. నన్ను సోదరీ అని పిలవబోతే ఆ నాటకాల మాట నా దగ్గర వద్దన్నాను. అక్కా అనడం నేర్చుకున్నాడు.

వాళ్ళ కట్టుబాట్లు వింటే నాకు ఊపిరాడేది కాదు. రెండేళ్ళు ఇల్లు చూడకూడదు. ఇంటికి ఫోను వారానికోసారే. టీ తాగరు. ఇద్దరూ ఎప్పుడూ ఒకరి కంటికి ఒకరు కనపడుతూ ఉండాలి. ఆరు వారాలకోసారి పైనుంచి కబురొస్తుంది, ఫలానావాడు ఇక్కణ్ణించి ఫలానా ఊరికి పొమ్మని. సంచి సర్దుకుని పోవడమే. అలా జంటలో రెండోవాడు మారుతూ వచ్చాడు గానీ పెద్దాయన మాత్రం ఎనిమిది నెలల పైచిలుకు మా ఊళ్ళోనే ఉన్నాడు. అలా ఉండటం అరుదట. వాడి అదృష్టమో దురదృష్టమో నేను చెప్పలేను.

కొట్టు వెనక గదిలో మా అన్నయ్య ఉండేవాడు. ముప్పై నాలుగేళ్ళు బడిలో భాష చెప్పిన మాస్టారు. ఊళ్ళో సగం మంది దస్తూరీ అన్నయ్య దిద్దిందే. పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన సంబంధాల ఉత్తరాల్లో అక్షరదోషాలకి ఎర్రసిరా సున్నాలు చుట్టి వెనక్కి పంపాడని మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆటపట్టించేవారు. ఆయన పోయాక అన్నయ్య నా దగ్గరికి వచ్చేశాడు. నేను ఇస్త్రీ చేస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని, బట్టల మీద నేను గుచ్చే చీటీల్లో తప్పులు దిద్దేవాడు. నా చిన్నప్పటి ముద్దుపేరు పిట్ట. యాభై ఆరేళ్ళ మనిషినని కూడా చూడకుండా, పిట్టా అని వీధి చివరిదాకా వినపడేలా పిలిచేవాడు. నాకు సిగ్గేసేది, కసిరేదాన్ని.

పెద్దాయన మా ఊరు రావడానికి చాలా ముందే, ఒక ఉదయం అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాటలన్నీ పోయాయి. ఒక్క మాట మిగిలింది. కాదు.

ఇలాంటి జబ్బులో అలా ఒక్కోసారి ఒక మాట మిగిలిపోతుందని డాక్టరు చెప్పాడు. తరగతి గదిలో ఎక్కువసార్లు వాడింది అదే అయ్యుంటుందని నేననుకున్నాను. ఆకలేస్తోందా అంటే కాదు. ఆకల్లేదా అన్నా కాదు. ఏ కాదుకి ఏం అర్థమో స్వరాన్ని బట్టి తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. జావ వద్దనే కాదు పొట్టిగా ఉంటుంది. దుప్పటి సరిచెయ్యమనే కాదు కాస్త సాగుతుంది. ఏడుపు వచ్చినప్పుడు అనే కాదు వింటే ఇస్త్రీపెట్టె దించేసి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. నాకు ఆస్తులూ అంతస్తులూ అక్కర్లేదు. కసిరినందుకు చెంపలు వేసుకుంటాను, పిట్టా అని ఒక్కసారి అంటే చాలు. రోజూ దుప్పటి మారుస్తూ అదే కోరుకునేదాన్ని.

వానలు మొదలైన రోజుల్లో పెద్దాయన చొక్కాల కోసం వచ్చినప్పుడు లోపల్నుంచి అన్నయ్య గొంతు వినపడింది. ఎవరని అడిగాడు. చెప్పాను. వాడి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. జబ్బుచేసిన వాళ్ళ కోసం తమ దగ్గర ఒక ప్రార్థన ఉందని, ఒప్పుకుంటే చేస్తానని అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి నీళ్ళు నమిలాడు. ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇంట్లోకి తాము రాకూడదట. ఇంకో మగమనిషి ఉండాలట. మంచంలో ఉన్నవాడు మగమనిషి కాకపోతే మరేమిటన్నాను. ఇద్దరూ వాళ్ళ భాషలో గుసగుసలాడుకుని, లెక్కకి సరిపోతుందని తేల్చుకుని లోపలికి వచ్చారు.

నాది ఆ మతం కాదు. అలాగని ఆ క్షణంలో వద్దనే ధైర్యం కూడా లేదు. డాక్టరు చెయ్యగలిగింది అయిపోయాక వచ్చిన మనిషి కుర్రాడైతేనేం, పరాయివాడైతేనేం. రెండోవాడు తాళాలగుత్తికి ఉన్న వేలెడంత సీసా మూత తిప్పి అన్నయ్య నడినెత్తిన ఒక్క చుక్క నూనె వేశాడు. పెద్దాయన రెండు చేతులూ తలమీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"దేవా, మనం నీ దగ్గరికి వచ్చాం" అన్నాడు.

అన్నయ్య గట్టిగా, "కాదు" అన్నాడు.

కుర్రాడు ఉలిక్కిపడి చేతులు తీసేశాడు. మాస్టారికి ఇష్టం లేదు కాబోలు, క్షమించమని నాతో అంటున్నాడు. నేను అన్నయ్య మొహం చూశాను. ఏడాది తర్వాత ఆ మొహంలో బడి కనపడింది. కనుబొమ్మ లేచింది. పెదవి ఒక పక్కకే అయినా బిగిసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ప్రార్థన వద్దనడం లేదయ్యా. నీ మాట తప్పంటున్నాడు. మనం అంటే దేవుడు కూడా మనతో కలిసి వచ్చినట్టు. ఆయన దగ్గరికి ఆయనే ఎలా వస్తాడు? మేము అనాలి."

వాడు పెదవులు కదిపి చూసుకున్నాడు. మళ్ళీ చేతులు పెట్టి, "దేవా, మేము నీ దగ్గరికి వచ్చాం" అన్నాడు. అన్నయ్య ఊరుకున్నాడు. తప్పు లేకపోతే అన్నయ్య ఊరుకుంటాడు, బడిలో కూడా అంతే. మెచ్చుకోవడమనేది అన్నయ్య ఎరగడు.

ఆ ధైర్యంతో కుర్రాడు ముందుకి వెళ్ళిపోయాడు. గొంతు మారింది. చేతులు వణుకుతున్నాయి. చలి మొదలయ్యేలోగా మాస్టారి మాటలు మాస్టారికి తిరిగి వస్తాయని దేవుడు తనతో చెబుతున్నాడని చెప్పాడు. రెండోవాడు కళ్ళు తెరిచి పెద్దాయన వైపు ఒక్క చూపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఆ చూపులో భయం ఉంది. నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఎందుకు అంత గడువు పెట్టాడో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మోసం కాదు. వాడి కళ్ళల్లో నీళ్ళు నేను చూశాను. చిన్నతనంలో మనకి బాగా కావలసింది ఏదైనా ఉంటే, అది జరిగి తీరుతుందని లోపల ఎవరో చెబుతున్నట్టే ఉంటుంది. నాకూ అలాగే ఉంది, యాభై ఆరేళ్ళకి. అసలు తప్పు నాది. నేను నమ్మాను.

అక్కణ్ణించి వారానికి మూడుసార్లు, మధ్యాహ్నం మూడు గంటలకి వచ్చేవాళ్ళు. మొదట్లో వాళ్ళ పాఠాల పుస్తకం తెచ్చి మంచం పక్కన కూర్చుని చదివేవాడు. దేవుడి ఉద్దేశం, మనిషి ఎక్కణ్ణించి వచ్చాడు, ఎక్కడికి పోతాడు. రెండు మాటలకోసారి అన్నయ్య కాదనేవాడు. మతమే కాదంటున్నాడో విభక్తి కాదంటున్నాడో తేలక పెద్దాయన నావైపు చూసేవాడు. నేను ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి కేకేసి చెప్పేదాన్ని, కి కాదు, ని అని. ఒక్కో వాక్యం ఐదారుసార్లు అనేవాడు. అన్నయ్య ఊరుకున్నాక తర్వాతి వాక్యం. ఒక మధ్యాహ్నమంతా ఒకే పేజీ మీద ఉన్నారు. సాయంత్రానికి అన్నయ్య అలిసిపోయి నిద్రపోయాడు. అంత హాయిగా పడుకోవడం జబ్బు చేశాక నేను చూడలేదు.

మెల్లగా పుస్తకం సంచిలోనే ఉండిపోయింది. అన్నయ్యని పక్కకి తిప్పడం నేర్చుకున్నాడు. గడ్డం గియ్యడం నేర్చుకున్నాడు, మొదటిసారి గడ్డం మీద రెండు చోట్ల తెగితే వాడి మొహమే ఎక్కువ పాలిపోయింది. నేను ఎంగిలిచేతులతో ఉంటే కొట్టుకి వచ్చినవాళ్ళకి బట్టలు అందించేవాడు. కాలరు ఇస్త్రీ చెయ్యడం కూడా నేర్పాను. కొసల నుంచి మధ్యకి తేవాలి, మధ్య నుంచి కొసలకి తోస్తే అంచున ముడతపడి అది జన్మలో పోదు. వాడు బుద్ధిగా నాలుక బయటపెట్టి తోసేవాడు. మనం, మేము తేడా కూడా పట్టుబడింది. మొదటి రెండు నెలల తర్వాత ఆ తప్పు వాడి నోట నేను వినలేదు.

గడువు మాత్రం మా ముగ్గురి మధ్యా మంచం కింద కుంపటిలా ఉండేది. నేను ఎత్తేదాన్ని కాదు, వాడూ ఎత్తేవాడు కాదు. వాళ్ళకి నెలకోసారి ఉపవాసం ఉంది. మంచినీళ్ళు కూడా ముట్టరు. వాడు అన్నయ్య కోసం వారానికోసారి ఉండటం మొదలుపెట్టాడు. ఒకరోజు నా కొట్టులోనే కళ్ళు తిరిగి బట్టల మూట మీద కూలబడ్డాడు. నీళ్ళు చల్లి, నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు కడుపు మాడ్చుకుంటే మా అన్నయ్యకి నోరొస్తుందా అన్నాను. తెల్లబోయి చూశాడు. వస్తుందనే వాడి నమ్మకమని అప్పుడు తెలిసింది. తను ఇంకా సరిగ్గా లేకపోవడం వల్లే దేవుడు ఆలస్యం చేస్తున్నాడని అనుకుంటున్నాడు. ఉదయం పది నిమిషాలు ఆలస్యంగా లేచినా, దారిలో వెళ్ళే అమ్మాయి వైపు చూసినా, ఆ పాపం మా అన్నయ్య నాలుక మీద పడుతోందని లెక్కవేసుకుంటున్నాడు. ఆ వయసులో మా వీధి కుర్రాళ్ళకి ఉన్న దిగులు పరీక్ష తప్పుతామనే. వీడికి ఒక ముసలివాడి నోరు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు నేను పెద్దాయన చొక్కానే ఇస్త్రీ చేస్తున్నాను. వాడు లోపల అన్నయ్యకి జావ తాగిస్తున్నాడు. లోపల్నుంచి "పి" అని వినపడింది. స్పష్టంగా. ఆ వెంటనే పెద్దాయన, "అక్కా" అని కేకేశాడు. నేను ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. మంచం పట్టె పట్టుకుని, అను అన్నయ్యా, ఇంకొక్కటే ఉంది, అను, అని బతిమాలాను. అన్నయ్య నా మొహంలోకి చూశాడు. పెదవులు మూసుకున్నాయి, బుగ్గ ఉబ్బింది. పెద్దాయన గుప్పిళ్ళు బిగించి గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు.

జావ గొంతుకి అడ్డుపడి దగ్గొచ్చింది. దగ్గి దగ్గి తేరుకుని, అన్నయ్య, "కాదు" అన్నాడు.

అంతకుముందు వచ్చింది కూడా దగ్గే. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. కాలుతున్న వాసన వచ్చి కొట్టులోకి పరుగెత్తాను. చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు గోధుమరంగులో దిగిపోయి ఉంది. ఇరవై ఏడేళ్ళలో నేను కాల్చిన మొదటి చొక్కా అది. కొత్తది కొనిస్తానంటే వద్దన్నాడు. కోటు కింద వేసుకుంటానన్నాడు, చలి వస్తుంది కదా అన్నాడు. అనేశాక తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయాడు.

చలి వచ్చింది. మొదటి రోజు ఉదయం తలుపు తీస్తే గుమ్మం రాయి చల్లగా తగిలింది. పెట్టె అడుగు నుంచి దుప్పట్లు తీశాను. ఆ వారం చొక్కాలకి రెండోవాడు ఒంటరిగా వచ్చాడు. నా కొట్టు మేడమీది కిటికీలోంచి కనపడుతుంది, అందుకని వాళ్ళ కట్టుబాటు తప్పినట్టు కాదట. పెద్దాయన రాలేదేమంటే ఒంట్లో బాగాలేదన్నాడు. తర్వాతి వారమూ అంతే.

అన్నయ్య రోజూ మూడు గంటలకి గుమ్మం వైపు తల తిప్పేవాడు. కళ్ళు కాయలు కాచేలా చూసి, సాయంత్రానికి గోడ వైపు తిరిగేవాడు. మొదటి వారం నాకు కుర్రాడి మీద జాలేసింది. రెండో వారం ఒళ్ళు మండిపోయింది. ముక్కుమీద కోపమున్న మనిషిని, పైగా పగలంతా నిప్పులాంటి పెట్టెతో పని. కొట్టు నర్సమ్మకి అప్పగించి పక్క వీధి మేడ ఎక్కాను.

నన్ను లోపలికి రానివ్వడానికి లేదు కాబట్టి గుమ్మంలోనే నిలబడ్డాను. చిన్న గది. రెండు మంచాలు, రెండు బల్లలు, గోడకి మా ఊరి పటం, వీధుల మీద రంగురంగుల గుండుసూదులు. నా కొట్టు మీద ఎర్రది గుచ్చి ఉంది. కిటికీ కడ్డీకి మేజోళ్ళు ఆరేసి ఉన్నాయి. రెండోవాడు బల్ల దగ్గర బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. పెద్దాయన మంచం అంచున ఉన్నాడు, టై లేదు, బిల్ల లేదు. రెండు వారాలుగా ప్రార్థన చెయ్యడం లేదని రెండోవాడు చెప్పాడు. ఇంటికి పంపెయ్యమని పైవాళ్ళకి ఉత్తరం రాసి పెట్టుకున్నాడట, ఇంకా పంపలేదట.

నేను తిట్టబోయేలోపు తనే మాట్లాడాడు. "అక్కా, ఆ రోజు దేవుడు నాతో ఏమీ చెప్పలేదు. అది నా కోరిక. నేను నా కోరికని దేవుడి నోట్లో పెట్టాను."

ఒక్క తప్పు లేకుండా అన్నాడు. అన్నయ్య ఉంటే ఊరుకునేవాడు.

నాకు అబద్ధం చెప్పాడని కోపంగా ఉందా అంటే ఉంది. నాలుగు నెలలు నేను ఆ మాట పట్టుకుని బతికాను. ఆ మాటే లేదంటున్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ మూడు గంటలు కావస్తోంది.

"మాట రాకపోతే రాకపోయింది. నువ్వు కూడా రాకపోతే ఎలా? మా అన్నయ్య రోజూ గుమ్మం వైపు చూస్తున్నాడు. మాటల కోసం కాదు, నీ కోసం."

వాడు మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను గుమ్మం దాటి వెళ్ళి తలమీద చెయ్యి వెయ్యాలి. వాళ్ళ కట్టుబాటు ఒకటి అడ్డం, నా మొండితనం ఇంకోటి. అలాగే నిలబడి ఉన్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మర్నాడు మూడింటికి వచ్చాడు. కోటు విప్పితే వీపు మీద ఇస్త్రీపెట్టె మచ్చ. అన్నయ్య చూసి కాదన్నాడు, సాగదీసి. ఆలస్యమైందని మందలింపు. పెద్దాయన మంచం పక్కన కూర్చుని అన్నయ్య ఎడమచెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన రోజుల్లో పుస్తకం తేలేదు. బోధ చెయ్యలేదు. మాస్టారికి ఎలా ఉంటుందని దారిలో ఎవరైనా అడిగితే తెలియదండీ అనేవాడు. వీధుల్లో తలుపులు తట్టే పని మానలేదు గానీ, తట్టిన చోట తను చెప్పడం తగ్గి వినడం ఎక్కువైందని నర్సమ్మ చెప్పింది. ఆమె తన కాలినొప్పుల గురించి గంటసేపు చెప్పుకుందట. వాడు ఒక్కసారైనా దేవుడి ఊసెత్తలేదట. ఈ కుర్రాడు పనికి పనికిరాకుండా పోతున్నాడని ఆమె తేల్చింది. నాకలా అనిపించలేదు. పెద్దాయన అన్న పేరు వాడికి అప్పుడప్పుడే సరిపోతోంది.

అన్నయ్య దిగజారిపోతూ వచ్చాడు. మింగడం కష్టమైంది. చెంచాడు నీళ్ళు పోస్తే సగం పెదవి చివరి నుంచి కారిపోయేవి. డాక్టరు వచ్చి గుండె చూసి, ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఇంతకన్నా చేసేదేమీ లేదు, ఇంట్లోనే చూసుకోండి అన్నాడు. చూసుకోవడమంటే నిజంగా చూస్తూ కూర్చోవడమేనని నాకు తెలిసింది. పొద్దున దుప్పటి మార్చడం, ఒళ్ళు తుడవడం, దూది తడిపి పెదవులకి అద్దడం. ఆ తర్వాత ఇంకేం లేదు. పెద్దాయన ఆ కుర్చీలో, నేను ఈ ముక్కాలిపీట మీద. కొట్టుముందు ఎవరైనా పిలిస్తే ఇద్దరిలో ఎవరు దగ్గరైతే వాళ్ళు లేచేవాళ్ళం.

అలాంటి వారంలోనే కబురు వచ్చింది. పెద్దాయన రెండు రోజుల తర్వాత ఉదయం బస్సుకి వేరే ఊరు వెళ్ళాలి. ఆరు గంటల ప్రయాణం. మిగిలిన ఏడాదీ అక్కడే ఉండొచ్చు. ఇంకో వారం ఉండనివ్వమని అడిగాడట. అక్కడ ఎదురుచూసే కుర్రాడు ఒంటరివాడవుతాడు, వీలుకాదన్నారట. నేను వాడి చొక్కాలు నానబెట్టడానికి లేచాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం వచ్చాడు. వెంట కొత్తగా దిగిన రెండోవాడు, మా భాష ఒక్క ముక్క రానివాడు. నేను వాడి పన్నెండు చొక్కాలూ మడతపెట్టి ఉంచాను. కాల్చినదాన్ని అన్నిటికంటే అడుగున పెట్టాను. అన్నయ్యకి ఆ రోజు కాస్త తెలివిగానే ఉంది. ఉదయం నేను తల దువ్వుతుంటే పాపిడి వంకరగా వచ్చిందని రెండుసార్లు కాదన్నాడు. గొంతు బాగా సన్నబడిపోయింది. అయినా వినపడింది.

కాసేపు కూర్చున్నాక నేనే అడిగాను, వెళ్ళేముందు ప్రార్థన చెయ్యమని. ఈసారి గడువేమీ పెట్టకు అన్నాను. తలూపాడు. రెండోవాడు సీసా తీసి ఒక చుక్క నూనె వేశాడు. పెద్దాయన చేతులు పెట్టాడు. ఈసారి వణకలేదు. తల బరువు చూస్తున్నట్టు మెత్తగా పట్టుకున్నాడు.

"మా తండ్రీ" అన్నాడు. "మేము నీ దగ్గరికి వచ్చాం. మాస్టారు మాకు చాలా నేర్పారు. మేము ఆయనకి ఏమీ ఇవ్వలేదు." ఒక్కో మాటా సరిచూసుకుంటూ, అన్నయ్య నేర్పినట్టే అంటున్నాడు. నొప్పి లేకుండా చూడమని అడిగాడు. అక్కకి తోడుగా ఉండమని అడిగాడు. ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు. కొట్టుముందు ఎవరో వచ్చి పిలిచి, కాసేపు చూసి వెళ్ళిపోయారు. వాడి చెంపల మీద నుంచి నీళ్ళు కారి అన్నయ్య నుదుటి మీద పడుతున్నాయి. నేను తుడవలేదు.

"తండ్రీ," అన్నాడు చాలాసేపటికి, "మనకి ఏమీ చేతకావడం లేదు."

ఆ తప్పు వాడి నోట విని నెలలు గడిచాయి. అనగానే వాడికీ తెలిసిపోయింది. కళ్ళు తెరిచి, బడిలో పిల్లాడిలా అన్నయ్య మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. పూర్తిగా తెలివిలో ఉన్నాడు, పైకి, వాడి మొహంలోకే చూస్తున్నాడు. కనుబొమ్మ కొంచెం లేచింది. ఇద్దరం ఆ ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టి ఆగాం.

అన్నయ్య కాదనలేదు.